తాలు అంటే వేస్ట్ కాదు

ఖాదరన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను.

మిర్చి వ్యాపారి కోసం మనం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఈరోజు గుంటూరులో ఆయనకి చూపించాం. కొత్త మేనేజర్ మాకు పెట్టిన గోల్ ఏంటో తెలుసా? వ్యాపారికి ఏమేం కావాలో వారానికి ఇరవై పేజీల రిక్వైర్‌మెంట్లు రాయాలట. మనవాళ్లు మిర్చి యార్డు గడప తొక్కకుండానే పేజీలు నింపేశారు. తెల్లబారిన తాలు కాయల్ని ‘వేస్ట్’ అని రాసి, తూకంలోంచి తీసేశారు.

వ్యాపారి కంప్యూటర్ వంక చూసి, “అలా కాదండీ. తాలు పారేస్తామా? దానికి వేరే రేటుంటది. రైతు నా పీక పట్టుకుంటాడు” అన్నాడు.

నువ్వెప్పుడూ ఏమనేవాడివి? “రాసింది ఆయనకి చదివి వినిపించరా. ‘అలా కాదండీ’ అని ఎన్నిసార్లన్నాడో లెక్కపెట్టు. వచ్చేసారికి సగం కావాలి. అదే మన గోల్.” ఆ మాట మొన్న మీటింగులో చెప్తే మేనేజర్ నవ్వాడు.

ఈరోజు లెక్కపెట్టానన్నా. పద్దెనిమిది సార్లు. మంగళగిరి ఆఫీసుకి రాగానే బోర్డు మీద ‘ఇరవై పేజీలు’ తుడిచేసి, పద్దెనిమిది అని రాశాను.

“ఎవరు తుడవమన్నారు?” అన్నాడు మేనేజర్.

“ఖాదర్ గారండి” అన్నాను.

ఈసారి ఆయన నవ్వలేదు.