గువ్వ పోట్లాడిన అద్దం

బాపూ,

నీ సంవత్సరీకం అయిన వారానికి మన నస్పూర్ ఇంటి వరండా దూలం మీద గువ్వల జంట గూడు కట్టింది. మగది మెడ ఉబ్బించి, ఆడదాని ముందు వంగి వంగి కూసిన తీరు చూస్తే నువ్వు పడీ పడీ నవ్వేవాడివి. ఇప్పుడు గుడ్లున్నాయి. బొగ్గుబాయిలో నీకున్నట్టే వాటికీ షిఫ్టులు. రాత్రంతా ఆడది పొదుగుతుంది, పొద్దెక్కాక మగది వచ్చి దాన్ని మేతకు పంపాలి.

కానీ నువ్వు గడ్డం గీసుకునే అద్దం ఇంకా వరండా గోడకే ఉంది. అందులో కనబడేది తన చోటుకొచ్చిన వేరే మగగువ్వ అనుకుని, మనది నిన్న పొద్దంతా దాన్ని రెక్కలతో కొట్టింది. లేస్తే గుడ్లు చల్లబడతాయని ఆడది ఆకలితోనే కూర్చుంది.

"డ్యూటీ ఎగ్గొట్టి గీ కొట్లాటేందిరా నీకు?" అని అవ్వ తిట్టింది. అద్దం తీసేద్దామని నేనంటే మాత్రం, "మీ బాపు పెట్టింది. ముట్టకు" అంది. రోజూ దాన్ని తుడుస్తుంది కానీ, నువ్వు పోయి బొట్టు తీసేశాక అందులో మొహం చూసుకోదు.

ఈరోజూ అదే గొడవ. నేను మళ్లీ తొందరపెట్టాను. అవ్వ గూటివైపు చాలాసేపు చూసి, అద్దం తీసి కొంగులో చుట్టుకుంది. మగది కాసేపు ఖాళీ గోడ ముందు తచ్చాడి, దూలం మీదికి ఎగిరింది.

"ఇగ పో బిడ్డా, జర తిని రా," అంది అవ్వ ఆడగువ్వతో. "నీ పెనిమిటి వచ్చిండు."

తీద్దామన్నది నేనే, బాపూ. గోడ మీద అద్దమంత తెల్లటి చోటు మిగిలింది. అటు చూడలేకపోతున్నదీ నేనే.