అపోండి పేరు ఎవరు చెప్పారు

కిసుము,
సెప్టెంబర్ 4

ప్రియమైన అత్తయ్యా,

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఫోన్ కట్టేసి పది రోజులైంది, అందుకే కాగితం పట్టుకున్నాను. ఈ కవరు బస్సులో మ్బితా రేవుకి, అక్కణ్ణుంచి పడవలో మీ దీవికి వస్తుంది. మీ అబ్బాయి ఫెలిక్స్ ఇంకా లోద్వార్‌లో రోడ్డు పనిమీదే ఉన్నాడు, బాగానే ఉన్నాడు.

ఫోన్ ఎందుకు కట్టేశానంటే, ఊళ్లోవాళ్లందరూ అందులో దూరారు. పొద్దున్నే డైపర్లు అమ్మేవాళ్లు, ఆ తర్వాత పాలపొడి వాళ్లు, ఉయ్యాలల వాళ్లు. ఒక పాస్టరు గారైతే నూనె రాసి కడుపుని దీవిస్తానంటాడు. వీళ్లెవరికీ నేను నంబరివ్వలేదు. పైగా నన్ను బెరిల్ అని కూడా పిలవరు. "అపోండి న్యార్ గెంబే వాళ్లమ్మగారేనా?" అంటారు.

అత్తయ్యా, గెంబే కొండల ఆడపడుచు అపోండి అని మీ అత్తగారికున్న ఆ పేరు పుట్టబోయే బిడ్డకి పెట్టాలని కలగన్నది మీరు. విన్నది నేనూ, ఫెలిక్సూ. బిడ్డ పుట్టి ఏడ్చేదాకా కలలో వచ్చిన పేరు గడప దాటకూడదని మీరే చెప్పారు. చర్చి దగ్గరో, ఒమెనా చేపలు ఎండబెట్టే చోటో ఎవరితోనైనా నోరు జారారా? కోపం తెచ్చుకోకుండా చెప్పండి. నాకు చాలా భయంగా ఉంది.

మీ కోడలు,
బెరిల్


మ్ఫంగానో దీవి,
సెప్టెంబర్ 11

ప్రియమైన కోడలికి, సేమే ఊరి ఆడపడుచుకి,

కోపం తెచ్చుకోవద్దన్నావు. ఆలస్యమైంది, వచ్చేసింది, పోయింది కూడా. ముప్పై నాలుగేళ్లు బడిలో పిల్లల చేత నిజం చెప్పించినదాన్ని, నన్నే బెంచీ ఎక్కించావు.

ఆ పేరు నేను మా మేక దగ్గర కూడా అనలేదు. ఆ కల ఇప్పటికీ కళ్లముందే ఉంది. తెల్లవారుజాము, సరస్సు మీద మంచు ఇంకా లేవలేదు. మా అత్తగారు తడిసిన గౌను అంచుతో నీళ్లలోంచి నడిచొచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. చనిపోయి ఇరవై ఏళ్లయినా కాళ్లకి ఇసుక అలాగే ఉంది. "ఆ పిల్లకి నా పేరు పెట్టండి, అంతకుమించి నాకేం వద్దు" అంది. లేచేసరికి గుమ్మం తడిగా ఉందనిపించింది. మంచు అయి ఉంటుందిలే.

నీ నోటితో చెప్పకపోతే చేత్తో రాసి ఉంటావు. ఎక్కడ రాశావో గుర్తు తెచ్చుకో. నింద తర్వాత వేద్దువు గాని.

ఇంకో మాట. ఇంత రాశావు, కడుపు సంగతి ఒక్క ముక్క లేదు. ఎన్నో నెల ఇది? బిడ్డ కదులుతోందా?

నీ అత్త,
సైప్రోజా


కిసుము,
సెప్టెంబర్ 20

ప్రియమైన అత్తయ్యా,

నన్ను క్షమించండి. రాసింది నేనే.

జూన్‌లో క్లినిక్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఫారం నింపమన్నారు. "పాప ముద్దుపేరు" అని ఒక గడి. ఖాళీగా వదిలితే ముందుకు పోదు. జకరాండా చెట్టు కింది బెంచీ మీద కూర్చుని మొత్తం పేరు రాసేశాను. రాసినప్పుడు చాలా సంతోషమేసింది, అందుకే మరీ ఆలోచించలేదు. ఇంకెక్కడా రాయలేదు. కాబట్టి ఆ పేరు ఎక్కడికెళ్లినా అక్కణ్ణుంచే వెళ్లింది. దానితోపాటు నా నంబరు, మా వీధి, దగ్గరి బంధువని రాసిన మీ నంబరు కూడా.

ఇక మీరడిగిన దానికి జవాబు. ఆగస్టు తొమ్మిదిన బిడ్డ పోయింది. ఐదో నెల. ఫెలిక్స్‌కి తెలుసు. మీకు నేనే చెప్తానని ఆపాను, తీరా చెప్పలేకపోయాను. మీ కలని నేను పాడుచేశాననిపించింది.

బిడ్డ పోయిందని ఆ అమ్మేవాళ్లకి ఎవరు చెప్తారు? ప్రతి సోమవారం మెసేజ్ వస్తుంది. "ఈ వారం అపోండికి మీ గొంతు వినిపిస్తుంది, మాట్లాడండి" అని. ఒక సోమవారం నేను నిజంగానే మాట్లాడాను అత్తయ్యా. కిటికీ దగ్గర నిలబడి, గుర్రపుడెక్క నిండిన నీళ్లకేసి చూస్తూ, సాయంత్రం ఏం వండబోతున్నానో చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలీదు. తెలివి వచ్చాక నామీద నాకే భయమేసి ఫోన్ కట్టేశాను.

మొన్న ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లాను. అక్కడ మొరా అనే లాయరమ్మ ఉంది. నేను మెసేజులన్నీ తీసేయబోతే చెయ్యి పట్టుకుంది. "తీసేస్తే నీ సాక్షుల్ని నువ్వే పంపించేసినట్టు. ఒక్కోటీ తారీఖు కనబడేలా ఫొటో తియ్యి" అంది. క్లినిక్ నుంచి వివరాలు పోతే డెబ్బై రెండు గంటల్లో డేటా రక్షణ కమిషనర్‌కి చెప్పాలట, మాకూ చెప్పాలట. వాళ్లు ఎవరికీ చెప్పలేదు. ముందు క్లినిక్‌కి ఉత్తరం, జవాబు రాకపోతే కమిషనర్‌కి ఫిర్యాదు. "మా దగ్గర నుంచే పోయిందని రుజువేంటి అంటారు కదా?" అని అడిగాను. "ఆ పేరే రుజువు. అది ఇంకెక్కడా లేదని నువ్వే చెప్పావుగా" అంది.

ఏం కావాలని అడగమంటావు అంది. అంతా చెరిపేయమని అడగమన్నాను. నా పేరు, ఆ పేరు, అన్నీ. ఎక్కడా ఒక్క అక్షరం మిగలకూడదు.

మీ బెరిల్


మ్ఫంగానో దీవి,
సెప్టెంబర్ 29

నా తల్లీ,

నీ ఉత్తరం రేవులోనే చదివాను. పడవవాళ్లు సామాను దింపుకుని వెళ్లిపోయారు, నేను లేవలేదు. కడుపులో ఇంత పెట్టుకుని నాకు పాలపొడి వాళ్ల కబుర్లు రాశావా? నా కలని నువ్వేం పాడుచేయలేదు. పోయింది నీ బిడ్డ, నా కల కాదు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు.

లాయరమ్మ చెప్పినట్టే చెయ్యి. నాకూ ఒకడు ఫోన్ చేశాడు. "అమ్మా, కిసుము క్లినిక్ నుంచి. మీ ఫోన్‌కి ఒక అంకె వస్తుంది, చదివి చెప్పండి" అన్నాడు. "ముందు నువ్వు ఏడో ఎక్కం చదివి చెప్పు నాయనా" అన్నాను. పెట్టేశాడు. తర్వాత ఫోన్‌లో డబ్బు పంపడానికి వాడే నా పిన్ మార్చుకున్నాను, ఎవరికీ చూపించకుండా, ఆ డబ్బు తీసిచ్చే కొట్టు అమ్మాయికి కూడా. నీదీ మార్చుకో. ఇంటికి ఎవరైనా క్లినిక్ పేరు చెప్పి వస్తే తలుపు తియ్యకు.

మన ఆచారం నీకు తెలుసు. ఏడవని బిడ్డకి పేరుండదు, వాకిట్లో సమాధికి చోటుండదు, పరామర్శకి ఎవరూ వచ్చి కూర్చోరు. నేనూ అదే పాటించాను, అదే నేర్పాను. అంతా చెరిపించుకుంటే నీ మనసు కుదుటపడుతుందంటే చెరిపించుకో.

నిన్న మళ్లీ మా అత్తగారు కలలోకొచ్చింది. నీళ్ల ఒడ్డున గిన్నెలు కడుగుతోంది. నేను పిలవలేదు, తను తిరగలేదు.

నీ అత్త,
సైప్రోజా


కిసుము,
జనవరి 14

ప్రియమైన అత్తయ్యా,

క్లినిక్ జవాబివ్వకపోతే కమిషనర్‌కి ఫిర్యాదు చేశాం కదా, తీర్పు వచ్చింది. తొంభై రోజుల్లో తేల్చాలట, తేల్చారు. తప్పు క్లినిక్‌దే అన్నారు. పరిహారం కూడా ఇమ్మన్నారు.

అంతకుముందు ఒకటి జరిగింది. "చెరిపించే ముందు వాళ్ల దగ్గర ఏముందో చూడు, నకలు అడిగే హక్కు నీకుంది" అంది మొరా. క్లినిక్ వాళ్లు పదకొండు పేజీలు పంపారు. ఏడో పేజీ స్కానింగ్ రోజుది. పైన పేరు, అపోండి న్యార్ గెంబే. కింద, ఆడపిల్ల. ఇంకా కింద, గుండె నిమిషానికి నూట నలభై ఎనిమిది.

ఆడపిల్లని నాకు ఆ కాగితమే చెప్పింది అత్తయ్యా. ఆసుపత్రి వాళ్లిచ్చిన చీటీలో నా పేరు, నా రోగం పేరే ఉన్నాయి. పుట్టలేదు కనుక పుట్టినవాళ్ల పుస్తకంలో లేదు, బతకలేదు కనుక చచ్చిపోయినవాళ్ల పుస్తకంలోనూ లేదు. ఈ లోకంలో అదొకత్తి ఉండేదని చెప్పేది ఈ ఒక్క పేజీ. అదీ నా చేతులతో చెరిపించబోయాను.

విచారణ మొరా ఆఫీసులో, కంప్యూటర్ తెరమీద జరిగింది. కమిషనర్ ఆఫీసు అధికారిణి మెత్తగా అడిగింది, అంతా తుడిచేయమంటారా అని. క్లినిక్ మనిషి నాకంటే ముందే, "ఈ రోజే తుడిచేస్తాం మేడమ్" అన్నాడు. ఎంత హుషారుగా అన్నాడో.

"ఎవరెవరి దగ్గరికి పోయిందో అక్కడంతా తుడిపించండి. నా నంబరు, మా అత్తగారి నంబరు, వీధి, అన్నీ తీసేయండి. ఏడో పేజీ మాత్రం రోగుల రికార్డులో ఉండనివ్వండి, తాళం వేసి" అన్నాను.

"తుడిచేయాలనే కదమ్మా మీరు కేసు వేసింది?" అన్నాడు.

"నా బిడ్డ పేరు చెప్పి సబ్బులమ్ముకోకూడదని వేశాను. నాకు బిడ్డే లేదని వేయలేదు" అన్నాను.

అలాగే రాశారు. ఆ పేజీ నకలు ఒకటి ఇందులో పెట్టాను. ఆచారం దాటానని తెలుసు. మీరు చూడలేకపోతే మడిచి వెనక్కి పంపండి, ఏమీ అనుకోను. సోమవారాలు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటున్నాయి.

మీ బెరిల్


మ్ఫంగానో దీవి,
జనవరి 22

ప్రియమైన బెరిల్,

కాగితం వెనక్కి పంపను.

ఫెలిక్స్ కంటే ముందు నాకొకటి పోయింది. ఏడో నెల. ఆడో మగో ఎవరూ చెప్పలేదు, నేనడగలేదు. మూడోనాడు బడికెళ్లి హాజరు తీసుకున్నాను. నలభై మూడు పేర్లు పిలిచాను, నలభై ముగ్గురూ ఉన్నామన్నారు. ఇంటికొచ్చి వంట చేశాను. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ బిడ్డ గురించి ఎక్కడా ఒక్క అక్షరం లేదు. మీ కమిషనర్ ఆఫీసులో వెతికినా దొరకదు. చెరపడానికి కూడా ఏమీ లేదు.

నీ ఏడో పేజీ చాలాసార్లు చదివాను. తల్లి పేరుకి గడి ఉంది, తండ్రి పేరుకి గడి ఉంది. మిగతావాళ్లకి చోటు పెట్టలేదు. అడుగున అంచులో కాస్త ఖాళీ కనబడితే పెన్నుతో నా పేరు రాశాను. నీ దగ్గరున్న దానిలోనూ రాయి. శనివారం పడవకి రా, నాకు నిన్ను చూడాలనుంది.

అపోండి నానమ్మ,
సైప్రోజా