యాదగిరి సీసా

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలుసు కాబట్టే రాస్తున్నాను.

నీ భార్య నర్సమ్మకు కాళ్లు వాస్తే పొద్దున దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు గోడమీది బొమ్మ చూపించాడు. వెన్నెముకకు అటొకటి, ఇటొకటి, చిక్కుడు గింజల్లాంటి మూత్రపిండాలు. అవి నెత్తురును వడగడితే, ఆ చెడ్డ నీరు రెండు సన్నని గొట్టాల్లోంచి దిగి మూత్రాశయంలో నిలుస్తుందట. వడపోత చెడితే ముఖం ఉబ్బుతుంది, మూత్రం నురగ కడుతుంది. "జల్ది తెచ్చిండ్రు, మందులకు తగ్గుతది," అన్నాడు.

నిన్ను జల్ది తీసుకురాలేదు. ఉబ్బిన ముఖంతో నువ్వు జట్కా మీదే కూర్చుని, హకీమ్ సాబుకు చూపించమని మూత్రం సీసా నా చేతికిచ్చావు. సీసా చూసి రోగం చెప్పే ఆ పెద్దమనిషిని చూసి మన కార్వాన్ బస్తీ అంతా నవ్వేలా చేద్దామని, నీది దారిలో పారబోసి నాది నింపాను. ఆయన ఎండకెత్తి చూసి, "బిల్కుల్ సాఫ్. ఏ రోగం లేదు, ఫికర్ వద్దు," అన్నాడు. నా మూత్రానికి అది నిజమే.

నీకు చెప్పి నవ్వుదామని వచ్చాను. "సాఫ్ అన్నడా!" అని నువ్వు ఎగిరి గుర్రం కట్టావు. సీసా మార్చిన సంగతి చెప్పకుండానే నీ పక్కన ఎక్కి కూర్చున్నాను. నెల తిరగకుండానే నిన్ను మోశాం.

ఇవాళ దవాఖాన మెట్లమీద నర్సమ్మ అడిగింది: "అన్నా, గా హకీమ్‌కు కండ్లు కనవడయా ఏంది?"

"కనవడయమ్మా," అన్నాను.