దర్వాజ పట్టని పికప్పు

ఏమయ్యా,

ఎట్లా ఉన్నావని అడిగితే నవ్వుతావేమో. అయినా అడుగుతున్నాను, ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఏడాదిన్నర దాటింది. సంవత్సరీకం కూడా పెట్టాము. ఇక్కడ మేమంతా ఉన్నాము... ఉన్నామంటే ఉన్నాము.

ముందు సంతోషం సంగతి చెప్పి, తర్వాత తిడతాను. నీ పికప్పు స్టార్టయింది.

అవును, అదే. కరీంనగర్ కచేరి వెనక వేలంలో నువ్వు పాట పాడి, రెండు జతల ఎడ్లను కట్టి పెద్దపల్లి దాకా లాక్కొచ్చిన మిలిటరీ పికప్పు. తుక్కు తెచ్చుకున్నాడని ఊరంతా నవ్విన పికప్పు. మొన్నటి దాకా రోజూ పొద్దున పెరట్లో పులిలా గర్జించింది. పులంటే ముసలి పులిలే, మధ్యమధ్య దగ్గేది.

ఇక తిడతాను. ఎవడైనా బండి చుట్టూ గోడ కడతాడా?

కంప అడ్డం ఉన్న దిక్కు నుంచి బండిని పెరట్లోకి తోశావు, బాగానే ఉంది. ఎవడైనా సామాన్లు విప్పుకుపోతాడేమోనని నీకు భయం పట్టుకుంది. పోలీసు యాక్షన్ అయిన కొత్త, ఎవరి సొమ్ము ఎవరి ఇంట్లో ఉందో తెలియని రోజులు, కాదనను. కంప పీకేసి మట్టి గోడ పెట్టావు. ఇటు పక్కింటివాళ్ళ గోడ, అటు మన ఇల్లు, నడుమ నీ గోడ. బండి బాగైతే ఎటు తీస్తావయ్యా అని అప్పుడే అడిగానా లేదా? ఏమన్నావు నువ్వు? "గదెంత పని రాజవ్వా! కట్టినోనికి కూలగొట్టుడు రాదా? ఇంజన్ పలికిన్నాడు నేనే గడ్డపార పట్టుకొని నిలవడ్త."

ఇంజన్ పలికింది. గడ్డపార పట్టేవాడేడీ?

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు పోయింది ధనిష్ఠ నక్షత్రంలో. జ్వరం వచ్చి పోయేవాడికి ముహూర్తం చూసుకోవడానికి అదేమన్నా లగ్గమా? పంతులు పంచాంగం తిరగేసి, శవాన్ని దర్వాజలోంచి తీయకూడదన్నాడు. గోడకు కన్నం పెట్టి అటు నుంచి తీసుకుపోవాలి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి అన్నాడు. మీ అన్న, మా బావ, ఏడ్చుకుంటూనే గడ్డపార పట్టాడు. నువ్వు కట్టిన గోడకే కన్నం పెట్టారు. నీ పాడె బండిని ఆనుకుంటూ పోయి, మడ్‌గార్డు మీద ఒక్క నిమిషం ఆగింది. అటు నుంచే పోయావు.

బండి కోసం తెరుస్తానన్న గోడను నీ కోసం తెరిచారు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా చెప్పు?

ఆరు నెలలు మీ మేనత్త ఇంట్లో తలదాచుకున్నాము. తిరిగి వచ్చేసరికి బావ కన్నం పూడ్చడమే కాదు, గోడంతా రాయీ సున్నంతో కొత్తగా ఎత్తించాడు. నీ గోడ నా భుజాల దాకా ఉండేది. ఇది మనిషి మీద మనిషి నిలబడ్డా అందదు. పోయినవాళ్ళ తొవ్వ మళ్ళీ తెరుచుకోకూడదట.

పెద్దమనుషులు కూర్చుని నాకు పెరడూ, పెరటి అర్రా ఇచ్చారు. ముందిల్లు బావది. న్యాయంగానే పంచారు. కానీ నేను బజారుకు పోవాలంటే బావ వాళ్ళ నడిమిల్లు దాటి, దర్వాజ చాటున నిలబడి, ఎవరన్నా వస్తున్నారేమో చూసుకుని అడుగు పెట్టాలి. లగ్గం మాటకు పోయేవాళ్ళకు ఎదురైతే తిట్లు. అంగడికి పోయేవాళ్ళకు ఎదురైతే వాళ్ళు వెనక్కి పోయి, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరుతారు. నా మొహం అంత పాడైందా? నువ్వున్నప్పుడు ఇదే మొహం కదా... మెల్లగా పోవడమే మానేశాను. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, తల ఎత్తితే గోడ. పొద్దంతా బీడీలు చుట్టడమే.

అట్లా ఉన్నప్పుడు నీకు బండి పని నేర్పిన ఉస్తాదు రహీం మిస్త్రీ వచ్చాడు. బాగుచేయమని నువ్విచ్చిన కార్బురేటరు ఆయన దగ్గరే ఉండిపోయిందట. గుడ్డలో చుట్టి, పిల్లను అత్తగారింటికి తెచ్చినట్లు పదిలంగా తెచ్చాడు. ఇచ్చి పోదామనే వచ్చాడు పాపం. ఊరికే బానెట్ లేపి చూశాడు. లోపల ఉడుత గూడు పెట్టింది. కొబ్బరి పీచు, దూది, నా పాత రవికె పేలిక. అదెప్పుడు ఎత్తుకుపోయిందో! మిస్త్రీ నవ్వాడు, నేనూ నవ్వాను. నువ్వు పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వి, ఇద్దరం అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు కళ్ళు తుడుచుకున్నాము.

మర్నాడు పానాల సంచి పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

మగమనిషి వచ్చిపోతుంటే లోకం ఊరుకుంటుందా? అందుకని మా అత్త, అదే మీ అవ్వ, మంచం తెచ్చి బండి పక్కనే వేసుకుంది, కాపలాకు. పది రోజులు కాపలా కాసింది. తర్వాత ఆమే పిస్టన్లు తుడవడం మొదలుపెట్టింది! చింతపండు పెట్టి ఇత్తడి చెంబులు తోమినట్లు తోముతుంటే మిస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. నేను సామాన్లు అందించాను, ప్లగ్గులు గీకాను, రేడియేటరు చిల్లులకు మాట్లు వేస్తుంటే దీపం పట్టాను. నువ్వు పని చేస్తూ గొణుక్కునే మాట నా నోట్లోకి వచ్చేసింది. "బండిని బతిమాలాలె గని బెదిరియ్యొద్దు." ఎంత బతిమాలానో నీకేం తెలుసు? నిన్ను కూడా అంత బతిమాలలేదు, ఉండిపొమ్మని.

హ్యాండిల్ తిప్పీ తిప్పీ మిస్త్రీ చేతులు వాచాక, ఒకనాడు పలికింది. పొగ కమ్మింది. కోళ్ళు పరుగులు పెట్టాయి. బావ పిల్లలు పెరట్లోకి దూకారు. బండి గక్కుగక్కుమని దగ్గి, నిలదొక్కుకుంది. మీ అవ్వ ఏమందో తెలుసా? "అచ్చం మా పోరడు దగ్గినట్టె ఉన్నది గదనే!" అని, బానెట్ మీద తల పెట్టి ఏడ్చింది. వేడికి చెంప కాలింది, అయినా తీయలేదు.

ఆ రోజంతా మేము రాజులమే. మిస్త్రీ నడుపుతాడు, మిల్లు బియ్యం స్టేషనుకు, స్టేషను సరుకు అంగళ్ళకు. నేను స్టేషను దగ్గర ఒక అర్ర అద్దెకు తీసుకుని మీ అవ్వను తీసుకుపోతాను. అక్కడ నేనెవరి భార్యనో, ఎవరికి ఎదురొచ్చానో ఎవరికి పట్టింది? అన్నీ అనుకున్నాము. అనుకుని తల ఎత్తితే... గోడ.

బావను అడిగాను. కోపం చేస్తాడనుకున్నాను. కోపం చేస్తే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. గోడ దగ్గరికి పోయి, రాయి మీద చెయ్యి పెట్టి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "గీ గోడ జోలికి మాత్రం పోకు రాజవ్వా, నీ కాళ్ళు మొక్కుత. గీ తొవ్వలనే నా తమ్ముడు పోయిండు. మల్ల తెరిస్తే గది ఎవల్ని అడుగుతదో... నాకు పిల్లలున్నరు." ఏమనమంటావు? అబద్ధమని ఎట్లా అనను? నిన్ను తీసుకుపోయింది నేనూ చూశాను కదా.

పంతుల్ని అడిగించాను. శాంతి చేస్తే సరిపోదా, గోడకు ఇంకో పక్క తెరిస్తే సరిపోదా అని. ఇంకో పక్క ఎక్కడుంది? గోడ వెడల్పుకూ బండి వెడల్పుకూ జానెడు తేడా. బండి పోవాలంటే గోడంతా పోవాలి. పంతులు కూడా, ఇంటి పెద్ద మనసులో భయం పెట్టుకుని చేసే శాంతి పనికిరాదన్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇంజన్ పట్టేసుకోకుండా రోజూ ఒకసారి స్టార్ట్ చేయాలని మిస్త్రీ చెప్పాడు. హ్యాండిల్ ఆయన తిప్పేవాడు, స్టీరింగ్ దగ్గర నేను. అవును, నేనే! నవ్వకు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి. గోడ దాకా పోయి ఆపేదాన్ని, పొయ్యి దాకా వచ్చి ఆపేదాన్ని. నాకు మొదటి గేరూ, వెనక గేరూ వచ్చు. రెండో గేరు వేయాలంటే జాగా ఎక్కడుంది?

ఒక్కోనాడు ఇంజన్ ఆపేశాక కూడా దిగేదాన్ని కాదు. అద్దంలోంచి గోడనే చూస్తూ కూర్చునేదాన్ని. బండి బాగు కాకపోయినా బాగుండేదేమో అనిపించేది. తుక్కైతే ఇంత బాధ లేదు. తుక్కుకు ఎటు పోవాలని ఉంటుంది? ఇది పోగలదు. నేనూ పోగలను. ఇద్దరం పొద్దున్నే లేచి, తయారై, గోడ ముందర నిలబడేవాళ్ళం... నువ్వు కట్టిన జైలే ఇది, బావ దాన్ని గట్టి చేశాడంతే. చాలాసార్లు ఆ సీటులోనే కూర్చుని నిన్ను నోరారా తిట్టాను. వినపడిందా?

నా బాధ చూడలేక బావే ఒక ఉపాయం చేశాడు. మంచి మనసుతోనే చేశాడు. పాత ఇనుము కొనే ఆసామిని పిలిపించాడు. ఆసామి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. నేను పమిట నోట్లో కుక్కుకుని అర్ర గడప మీద కూర్చున్నాను. అతను దర్వాజకు జానలు వేసి కొలిచాడు. వెనక్కి వచ్చి, ఒక్కొక్క దాని మీద సుత్తితో తడుతూ బావకు చెప్పాడు. చక్రాలు దొర్లిచ్చుకపోతం. రేకులు ఇప్పుకపోతం. అడ్డపట్టీలు నిలువుగ తిప్పితె పట్టుతయి. ఇంజన్ జర బరువే గని, తల ఇప్పి, గేరుబాక్సు వేరు చేస్తె, నలుగురు పడ్తె పోతది. గోడ జోలికే పోనక్కర లేదు, పటేలా...

పమిట నోట్లోంచి ఎప్పుడు జారిందో తెలియదు. తుక్కుగా దర్వాజలోంచి పోయేది, బండిగా ఎందుకు పోదు?

లేచి నిలబడి, అమ్మడం లేదని చెప్పాను. బావ ముందు అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆసామి సుత్తి సంచిలో వేసుకుని, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పమని బావను అడిగాడు. బావ నా మొహం చూసి, "బండి ఆమెదే" అన్నాడు.

ముక్కలుగా విప్పి దర్వాజలోంచి తీసి, బయట మళ్ళీ కలుపుదామని మిస్త్రీకి చెప్తే టోపీ తీసి నేలకు కొట్టాడు. "పాగల్ అయినవా బేటీ! పానం పోసిన చేతులతోనే పానం తియ్యమంటున్నవా? నా వల్ల గాదు!" అని కోపంతో వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు నేనే ముందు చక్రం బోల్టుల మీద పానా పెట్టి గుంజుతుంటే, వెనక నుంచి వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. అటు తిప్పితే ఊడదు, విరుగుతుందని తిట్టాడు. తిడుతూనే విప్పాడు.

స్టేషను దగ్గర ఆయన షెడ్డులో చోటు చేశాడు. చక్రాలు పోయాయి. రేకులు, సీటు, రేడియేటరు పోయాయి. నడిపేవాడు కూర్చునే ముందు తొట్టి ఒక్కటి దర్వాజలో పట్టలేదు. దాన్ని మోకులు కట్టి గోడ మీద నుంచి దించారు. అందుకు బావ ఏమంటాడోనని నేను ఆయన వైపే చూశాను. "తెరవొద్దన్న గని, ఎక్కొద్దన్ననా?" అన్నాడు. నీ తోడబుట్టినవాడే, మాటల్లో ఎక్కడికి పోతాడు!

పెరడు ఖాళీ అవుతుంటే ఒకటే గుబులు. మళ్ళీ కలిపితే పలుకుతుందా? ఏదన్నా ఒక్క ముక్క తక్కువైతే? మిస్త్రీని అడిగితే ఆకాశం వైపు చూపిస్తాడు. ఇంత దాకా గోడ లోపలే అయినా నా దగ్గర నడిచే బండి ఉండేది. ఇప్పుడు నేలమీద నూనె మరకలున్నాయి. పలకకపోతే... ఆ మాట రాయను.

ఇంజన్ రేపు పోతుంది. నలుగురు మోయాలి. మిస్త్రీ మనుషులు ముగ్గురే దొరికారు. నిన్న నేను బీడీలు కట్ట కడుతుంటే బావ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడకుండా, "నాలుగో దిక్కు నేను పడ్త" అన్నాడు. ఆ మాట అన్నాక కూడా పోలేదు. దర్వాజ దిక్కు చూస్తూ, "దర్వాజలకెల్లే గదా... వాన్ని గట్ల తీస్కపోలేకపోతిమి" అన్నాడు.

మీ అవ్వ దర్వాజకు పసుపు రాసి, గడప కడిగి పెట్టింది. ఇంజనుకు బొట్టు కూడా పెట్టింది. వద్దన్నా వినలేదు.

రేపు అది గడప దాటేటప్పుడు నేను ఏడుస్తాను. ఆపుకోలేనని ఇప్పుడే తెలుస్తోంది. చూసేవాళ్ళు ఇనుము కోసం ఏడ్చే పిచ్చిదనుకుంటారు. అనుకోనీ. నువ్వు మాత్రం అట్లా అనుకోకు.

నీ
రాజవ్వ