నీ దగ్గరున్న సగం

హేమా,

టమోటా మండీకి పోతున్నాను. నీకు రెండో శనివారం సెలవు కదా, లేపలేదు. మన గ్రూప్ టూ పుస్తకాలు కొనడానికి పుంగనూరు అమ్మాయి పదింటికి వస్తుంది. మంచం కింద పెట్టెలో ఉన్నాయి, ఇచ్చెయ్.

నిన్న మీ నాయన, "ఇద్దరూ ఒకే పుస్తకాలు సదివినారు గదా అల్లుడా, నీకు యాల ఉద్యోగం రాలేదు?" అంటే నువ్వు కూడా నవ్వావు. ఇద్దరం ఒకేసారి చదవాలని చరిత్ర పుస్తకాన్ని నడిమికి చీల్చుకున్నాం. నీ సగం అయిపోగానే ఇస్తానన్నావు. పరీక్ష అయింది, నీకు ఉద్యోగమూ వచ్చింది. ఆ సగం మాత్రం నా చేతికి రాలేదు.

ఉప్మా మూత పెట్టి ఉంది.

ఆ అమ్మాయి చరిత్ర పుస్తకం అడిగితే చెదలు తినేశాయని చెప్పు. నీ సగం పొద్దున పెట్టెలోంచి తీసి నా సంచిలో పెట్టుకున్నాను. మళ్ళీ అప్లై చేశాను. పోయినసారి నేను తప్పు పెట్టిన ప్రశ్నలన్నీ అందులోవే.