ఆరో గదిలో మనిషి ఉన్నట్టు నిర్ధారించుట గురించి

ప్రదర్శనశాలల శాఖ పెద్ద అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విద్యుత్ పొదుపు పథకంలో ఆరో గది కాపలాదారు లేడని తేలినందున, సదరు కాపలాదారు స్వయంగా చేసుకొను మనవి.

సూచిక: (అ) ఆరో గదిలో ఎవరూ ఉండటం లేదు గనుక కాపలా పోస్టు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు అను మెమో. (ఆ) ఆరో గది కాపలాదారు సందర్శకుల ఎదుట చేతులు ఊపుతూ గెంతుతున్నాడు గనుక సంజాయిషీ ఇవ్వవలెనను మెమో. రెండూ ఒకే కవరులో వచ్చినవి.

విన్నవించుకొనునది ఏమనగా:

1. పాత వాయిద్యాలున్న ఆరో గదికి నేను పందొమ్మిదేళ్లుగా కాపలా ఉన్నాను. కాపలాదారు కదలక మెదలక, సందర్శకులకు అడ్డు రాకుండా కుర్చీలో కూర్చోవలెనని నియమం. అలాగే కూర్చున్నాను. అందుకు రెండుసార్లు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

2. మన ప్రదర్శనశాల వల్ల పర్యావరణానికి జరిగే హాని తగ్గించాలని క్యూరేటర్ గారు హరిత సంఘం వేశారు. మంచి పనే, నాకు పేచీ లేదు. మా ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడదు. నా కుర్చీ వెనక ఒక స్విచ్చు ఉండేది. సందర్శకులు వెళ్లగానే దీపాలు ఆర్పేవాణ్ణి, అడుగుల చప్పుడు వినగానే వేసేవాణ్ణి. సంఘం వారు ఆ స్విచ్చు పీకించి, మనిషి కదిలితే దీపాలు వెలిగించే సెన్సార్ పెట్టించారు. దాని ప్రారంభోత్సవానికి ఆవరణంతా రంగు దీపాలు, రెండు డీజిల్ జనరేటర్లు. తర్వాత ఈ పొదుపు గురించి ఉపన్యసించడానికి క్యూరేటర్ గారు విమానంలో మూడు దేశాలు తిరిగి వచ్చారు.

3. మూడు నిమిషాలు కదలిక లేకపోతే సెన్సార్ దీపాలు ఆర్పేస్తుంది. గంటలో పది నిమిషాలైనా దీపం వెలగకపోతే, ఆ గంటలో గదిలో ఎవరూ లేరని రాసుకుంటుంది. నేను నియమం ప్రకారం చీకట్లో కదలకుండా కూర్చున్నాను. వచ్చినవారు గది మూసేశారనుకుని గుమ్మంలోంచే వెళ్లిపోయారు. నెలాఖరుకు నేను లేనని తేలింది. క్యూరేటర్ గారి గదికి వెళ్లి మొరపెట్టుకున్నాను. ఏసీ చలికి ఆయన స్వెట్టర్ వేసుకుని కూర్చున్నారు. "నువ్వున్నావయ్యా, నేను కాదన్నానా? రిపోర్టులో లేవు," అన్నారు.

4. అది నా బాధ. అసలు బాధ వేరే ఉంది. దీపాలతో పాటు గదిలో తేమను అదుపులో పెట్టే యంత్రం కూడా ఆగిపోతుంది, రెండింటికీ ఒకే కనెక్షన్ ఇచ్చారు గనుక. ఒక సోమవారం పెద్ద తీగల వాయిద్యం పొట్ట మీద వెంట్రుకంత చీలిక కనబడింది. మూడు వందల ఏళ్ల కర్ర. రాతపూర్వకంగా తెలియజేశాను, జవాబు లేదు. నాకు ఏడుపొచ్చింది. అర్జీలో రాయదగిన మాట కాదు గాని, వచ్చింది. ఆనాటి నుంచి మూడు నిమిషాలకోసారి లేచి చేతులు ఊపుతున్నాను. మోకాళ్లు సహకరించిన రోజు గెంతుతున్నాను కూడా. ఒక సందర్శకురాలు చూసి, హడలిపోయి ఫిర్యాదు రాసింది. ఆమెను తప్పుపట్టను.

5. నా కుర్చీని మిగులు సామాను కింద పట్టుకుపోయారు. హరిత సంఘం వారి వార్షిక నివేదిక, నున్నటి కాగితం మీద రంగుల్లో రెండు వేల ప్రతులు, పుచ్చుకునేవారు లేక నా గదిలోనే పేర్చారు. ప్రస్తుతం దాని మీదే కూర్చుంటున్నాను. నివేదిక ఒక మనిషికి ఉపయోగపడినట్టు తమరు నమోదు చేయించవచ్చు.

కావున, నేను లేని పక్షంలో (ఆ) మెమో రద్దు చేయవలెను, లేనివాడు గెంతలేడు గనుక. ఉన్న పక్షంలో (అ) మెమో రద్దు చేసి, నా స్విచ్చు నాకు ఇప్పించవలెను. రెండూ కుదరకపోతే నన్ను తీసేయండి. ఆ యంత్రానికి మాత్రం వేరే కనెక్షన్ ఇప్పించండి. ఇంకో వేసవికి ఆ కర్ర తట్టుకోదు.

వెలుతురు ఉన్న గదిలో కూర్చుని తమరు దీనిని చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు (ఉన్న పక్షంలో),
ఆరో గది కాపలాదారు

తా.క.: పోయిన నెల పదకొండో తేదీన తమరు ఎవరికీ చెప్పకుండా, మామూలు టికెట్టు కొనుక్కుని మా గదికి వచ్చారు. నేను గుర్తుపట్టాను. అప్పటికి నేనింకా చేతులు ఊపడం మొదలుపెట్టలేదు. తమరు పెద్ద వాయిద్యం ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఈ పందొమ్మిదేళ్లలో దాన్ని అంతసేపు చూసినవారు లేరు. మూడు నిమిషాలకు దీపాలు ఆరిపోయాయి. అయినా తమరు కదల్లేదు. చాలాసేపటికి చీకట్లో, "ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని అడిగారు. "ఉన్నానండీ," అన్నాను.

ఆ రోజు రిపోర్టు నకలు సంపాదించి చూశాను. పదకొండు నుంచి పన్నెండు గంటల వరకు ఆరో గదిలో ఎవరూ లేరని ఉంది. నా సంగతి సరే, తమరి సంగతి కూడా ఒకసారి విచారించుకోగలరు.