వేయనని చెప్పిన ఓటు

తిరుపతి, బుధవారం రాత్రి

కార్పొరేటర్‌గా నిలబడ్డాక ఈరోజే లాడ్జీల వెనక వీధికి వెళ్లాను. "ఆడికి పోవద్దక్కా, అవి మన ఓట్లు కాదు" అని మా ప్రచారం చూసే మునిరత్నం అడ్డుపడ్డాడు. నేను వినలేదు.

అక్కడ మగవాళ్లు కొండకు జీపులు తోలతారు, ఆడవాళ్లు లాడ్జీల దుప్పట్లు ఉతుకుతారు. ప్రతి ఇంట్లోనూ "నీకే వేస్తాంలేమ్మా" అంటూనే తలుపు వేసుకున్నారు. రూతమ్మ ఒక్కతే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, మొహం మీదే చెప్పింది.

"నా ఓటు నీకు రాదు పాపా. అవతల నిలబడినోడు నా తమ్ముడు. మురుగు కాలవ నీళ్లు ఇంట్లోకి వస్తా ఉండాయి, గెలిస్తే సూస్తావా?"

"ఓడినా సూస్తానత్తా."

"మావోడు గూడా గెలిస్తేనే అన్నాడే!" అని నవ్వి, నాతోపాటు వీధిలోకి వచ్చింది. "ఈ పాప చెప్పేది వినండి" అంటూ మూసిన తలుపులన్నీ తనే తట్టి తెరిపించింది.

గెలుస్తాననే నమ్మకం ఈరోజు ఇంకా పెరిగింది. కానీ ఓడితే కార్పొరేషన్ ఆఫీసులో నా మాట ఎవరు వింటారు? ఏమో... పోలింగ్ దాకా ఆగను. రేపు పొద్దున్నే రూతమ్మను వెంటబెట్టుకుని వెళ్లి ఆ కాలవ సంగతి అడుగుతాను.